విదేశపు విటమిను సీసాలు: చీటి చదువు విధము

ఇప్పుడు మన యిండ్లలో ఆవకాయ జాడీల ప్రక్కన మఱియొక రకపు సీసాలు చేరినవి. అమెరికాలోనున్న కొడుకో, కూతురో, మేనల్లుడో సెలవులకు వచ్చునపుడు పెట్టెలో నాలుగైదు సీసాలు పెట్టుకొని వచ్చును. ఒకదానిమీద స్త్రీలకనియు, ఒకదానిమీద ఏబదియేండ్లు దాటినవారికనియు, ఒకదానిమీద జుట్టునకును గోళ్లకుననియు వ్రాసియుండును. తెచ్చినవారి ప్రేమకు కొఱతలేదు. పుచ్చుకొన్నవారి సంతోషమునకును కొఱతలేదు. కాని యా సీసాలో నేమున్నదో, అది మనకు వలయునో వలదో విచారించువారు మాత్రము అరుదు. మేమును విచారింపకయే కొన్నాళ్లు గడపితిమి. ఆ యెఱుగమి వలన మా యింట జరిగిన సంగతియే యీ వ్యాసమునకు కారణము. తప్పు మాదే గావున దాచక చెప్పుచున్నాము.

క్రిందటి సంవత్సరము మా ఆడపడుచు గర్భవతియై మా యింటికి వచ్చినది. మా అత్తగారు మాతోనే యుందురు. అల్లుడుగారికి దూరదేశమునకు బదిలీ యగుటచే సీమంతమువఱకు ఆగక నాలుగవ నెలలోనే పిల్లను పంపిరి. అప్పుడు రక్తపరీక్షలో హిమోగ్లోబిను 11.2 గ్రాములు. ఆశా కార్యకర్త వచ్చి సర్కారువారి ఎఱ్ఱమాత్రలు ఇచ్చి, రోజున కొకటి తప్పక వేసికొమ్మని చెప్పి పోయినది. ఆ మాత్ర వేసికొన్నప్పుడెల్ల పిల్లకు వికారము, నోట ఇనుపరుచి, మలబద్ధము. ఇంతలో మా వారి అక్కగారి కుమారుడు అమెరికానుండి ఒక సీసా పంపినాడు. మీద గర్భిణీ బొమ్మ. లోపల పండ్లరుచిగల మెత్తని బిళ్లలు. వానిని గమ్మీలందురు. "వదినా, ఇవి పిప్పరమెంటులవలె నున్నవి" అని పిల్ల సంతోషించినది. మేము చీటిమీద వరుసగా నున్న విటమినుల పేర్లు చూచి, "అమ్మాయీ, ఇందులో ఇన్నియున్నవి గదా, ఇంక ఆ ఎఱ్ఱమాత్ర యెందులకు? ఇది చాలును" అని తీర్పు చెప్పితిమి. ఎఱ్ఱమాత్రల అట్టలు బీరువాలోనికి పోయినవి.

పదివారములు గడచినవి. ఏడవ నెలలో పిల్లకు మెట్లెక్కిన ఆయాసము వచ్చుచుండెను; కనుఱెప్పల లోపలి యెఱుపు తగ్గినది. పరీక్ష చేయింపగా హిమోగ్లోబిను 8.9 గ్రాములకు దిగినది. గర్భిణికి 11 గ్రాములకు తక్కువైనచో రక్తహీనత యందురు. ఇంత రక్తహీనతతో ప్రసవమైనచో, మామూలు రక్తస్రావమును సహింపుటయు కష్టమగును. డాక్టరమ్మగారు ఆ సీసాను తెప్పించుకొని, చీటిని మా చేతికిచ్చి, "ఇందులో ఇనుము ఎక్కడ నున్నదో చూపుడు" అన్నారు. మేము పైనుండి క్రిందివఱకు రెండుమార్లు వెదకితిమి. లేదు. పదునొకండు విటమినులున్నవి, అయోడిను ఉన్నది, జింకు ఉన్నది. ఆ పిల్లకు ముఖ్యముగా వలసిన ఇనుము మాత్రము లేదు.

మేము చిన్ననాట మా తండ్రిగారి యొద్ద అమరమును, కావ్యములును చదివితిమి. ఒక్క శ్లోకములో ఒక్క పదము విడిచినచో అర్థము చెడునని వారు పలుమాఱు చెప్పెడివారు. అట్టి మేము అరచేయి వెడల్పు లేని చీటిని సరిగ చదువలేకపోతిమిగదా యని సిగ్గుపడితిమి. నాటినుండి మా యింటను, ఇరుగుపొరుగు యిండ్లలోను ఉన్న విదేశపు సీసాల నన్నిటిని తెచ్చి ముందు పెట్టుకొని, కావ్యమునకు ప్రతిపదార్థము వ్రాసికొన్నట్లు ఒక్కొక్క చీటికి అర్థము వ్రాసికొంటిమి. లెక్కలపంతులైన మా వారు లెక్కలలో సాయము చేసిరి. అందు తేలిన విషయములను సోదరీమణులకు నివేదించుచున్నాము.

విటమినుల పూర్వకథ

విటమినులు శరీరమునకు స్వల్పముగా వలసినవి. కాని లేకున్న బ్రదుకు సాగదు. డచ్చివారి యేలుబడిలోని జావాద్వీపమున ఐక్మన్ అను వైద్యుడు 1890 తరువాతి సంవత్సరములలో, తెల్లగా పాలిషు పట్టిన బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు తిన్నవి కోలుకొనుటయు గమనించెను. 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పదార్థములకు 'విటమిన్' అను పేరు పెట్టెను. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇది మనకు దూరపు కథ కాదు. పాలిషు బియ్యపు జబ్బగు బేరిబేరి మన సర్కారు జిల్లాలలో నుండుటచే, నీలగిరులలోని కూనూరు పరిశోధనశాలవారు దానిని గూర్చి పరిశోధించిరి. ఆ శాలయే పెరిగి 1958 ప్రాంతమున హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది.

రెండవ కథ గర్భిణులది. 1928 మొదలు బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు నూలుమిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరీక్షించి, ఈస్టునుండి తీసిన మార్మైట్ అను చవుకపదార్థము దానిని కుదుర్చుచున్నదని 1931లో ప్రకటించెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమని పిమ్మట తెలిసినది. ఆకు అను అర్థముగల లాటిను మాటనుండి దానికి ఆ పేరు వచ్చినది. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ లెడర్లీవారే 1978లో 'సెంట్రమ్' అను బహువిటమిను మాత్రను అమెరికా అంగళ్లలో ప్రవేశపెట్టిరి. కాబట్టి విదేశపు సీసాలో మన తెలుగువాని కృషియు కొంత యున్నదని సంతోషింపవచ్చును. సంతోషించుట వేఱు, వివరము తెలియక మ్రింగుట వేఱు.

చీటిని చదువుట

అమెరికా సీసా వెనుక 'సప్లిమెంట్ ఫాక్ట్స్' అను శీర్షికతో ఒక పట్టిక యుండును. దానిని నాలుగు మెట్లుగా చదువవలెను.

మొదటిది, 'సర్వింగ్ సైజ్'. పట్టికలోని అంకెలన్నియు ఒక మాత్రకు గాక ఆ మోతాదుకు చెందినవి. కొన్ని గమ్మీలకు మోతాదు రెండు బిళ్లలు, కొన్నిటికి మూడు. నూటయేబది బిళ్లల సీసా నూటయేబది రోజులు వచ్చునని మా పొరుగావిడ తలచినది. మోతాదు రెండుగనుక డెబ్బదియైదు రోజులే వచ్చును. ధరలు పోల్చునపుడు సీసాకు సీసాను గాక రోజునకు రోజును పోల్చవలెను.

రెండవది, కొలతలు. మిల్లిగ్రాము గ్రాములో వేయవవంతు. మైక్రోగ్రాము మిల్లిగ్రాములో వేయవవంతు. ఈ రెంటిని తాఱుమాఱు చేసిన లెక్క వేయిరెట్లు తప్పును. పాత చీటిలో డి విటమినును యూనిట్లలో వ్రాసిరి, క్రొత్త చీటిలో మైక్రోగ్రాములలో వ్రాయుచున్నారు. 1 మైక్రోగ్రాము 40 యూనిట్లు. కావున 25 మైక్రోగ్రాములన్నను 1000 యూనిట్లన్నను ఒక్కటియే. ఫోలేటు విషయమున ఇంకొక చిక్కు గలదు. ఒక సీసాపై 680 అనియు, ప్రక్కన చిన్న అక్షరములలో ఫోలిక్ ఆమ్లము 400 మైక్రోగ్రాములనియు నుండును. ఆహారపు ఫోలేటు కంటె మాత్రలోని ఫోలిక్ ఆమ్లము హెచ్చుగ వంటబట్టును గావున 1.7 చేత హెచ్చవేసి 680 అని చూపుదురు. వేఱొక సీసాపై 400 అని మాత్రమే యున్నచో, ఆ 400 దేనిని తెలుపుచున్నదో చూడక, మొదటిదే మేలని భ్రమపడరాదు.

మూడవది, 'డైలీ వాల్యూ' అను శాతము. ఇది అమెరికావారి ఆహారమును, వారి ప్రమాణములను బట్టి వేసిన లెక్క. ఇనుమునకు వారి ప్రమాణము 18 మిల్లిగ్రాములు; అంతయున్న మాత్రపై నూటికి నూఱని వ్రాయుదురు. మన పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము వయసులోనున్న భారతస్త్రీకి రోజునకు 29 మిల్లిగ్రాములు వలయును. మన భోజనము ముఖ్యముగా ధాన్యములు, పప్పులు, కూరలు. వానిలోని ఇనుము కొద్దిగనే వంటబట్టును. అందుచేత అమెరికా నూఱు మనకు నూఱు కాదు.

నాలుగవది, పదార్థము యొక్క రూపము. ఇనుము ఫెరస్ ఫ్యూమరేటుగా నున్నచో ఆ లవణపు బరువులో మూడవవంతు మాత్రమే ఇనుము. కాల్షియము కార్బొనేటుగా నున్నచో నూటికి నలుబది పాళ్లు మాత్రమే కాల్షియము. పట్టికలోని అంకె లవణముదా, ధాతువుదా యని చూడవలెను. అమెరికా పట్టికలో సాధారణముగా ధాతువు బరువే యుండును. ఇచటి కొన్ని సీసాలపై రెండును వేఱువేఱుగ వ్రాయబడియుండును. 'బ్లెండ్' అని పేరిడి పది మూలికలకు కలిపి ఒక్క బరువు వేసినచో, అందు ఏది యెంత యున్నదో తెలియదు. దానికి విలువ కట్టనక్కఱలేదు.

సీసాలలో రకములు

మేము చూచినవానిని అయిదు తరగతులుగా విభజించితిమి. కంపెనీలవారు కూర్పును మార్చుచుందురు గావున ఈ పోలిక తరగతులను తెలిసికొనుటకు మాత్రమే; చేతిలోని సీసాకు దాని చీటియే ప్రమాణము.

మొదటి తరగతి వయసులోనున్న స్త్రీల మాత్రలు. 'వన్ ఎ డే' వారి స్త్రీల మాత్ర ఇట్టిది. వీనిలో సాధారణముగా 18 మిల్లిగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ప్రాంతపు ఫోలిక్ ఆమ్లము ఉండును. నెలసరి గల స్త్రీకి తగిన కూర్పు ఇది.

రెండవది పురుషుల మాత్రలు. వీనిలో ఇనుము ఉండదు, లేక స్వల్పముగా నుండును. భర్తకు వచ్చిన సీసాను భార్యయు పంచుకొన్నచో దోషమేమి యని యడుగుదురు. దోషము లేదు, కాని ఆమెకు లోపించినది ఆమెకు అందదు.

మూడవది ఏబదియేండ్లు దాటినవారివి. 'సెంట్రమ్ సిల్వర్' ఇట్టిది. ముట్లుడిగిన పిదప ఇనుపవ్యయము తగ్గును గావున ఇట్టివానిలో పెక్కింట ఇనుము వేయరు, లేక స్వల్పముగా వేయుదురు. బి12 కొంత హెచ్చుగ వేయుదురు. అత్తగారి సీసాను కోడలు వాడుట మన యిండ్లలో మిక్కిలి జరుగుచున్న పొరపాటు.

నాలుగవది గమ్మీలు. ఇనుపరుచి కప్పిపుచ్చుట కష్టమగుటచే వీనిలో పెక్కింట ఇనుము ఉండదు, కాల్షియమును నామమాత్రము. గర్భిణుల కొఱకని పేరున్న గమ్మీలలో కూడ పెక్కింటికి ఇదే గతి. పైగా ఒక్కొక్క మోతాదున కొన్ని గ్రాముల చక్కెర యుండును. మధుమేహము గలవారు దీనిని మఱువరాదు.

అయిదవది గర్భిణుల మాత్రలు. వీనిలో సాధారణముగా 27 మిల్లిగ్రాముల ఇనుమును, 400 మొదలు 800 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. ఇక మన సర్కారు ఎఱ్ఱమాత్రను చూడుడు: 60 మిల్లిగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము. 2018లో ఆరంభించిన రక్తహీనతా నివారణ కార్యక్రమము ప్రకారము గర్భిణికి నాలుగవ నెలనుండి రోజున కొకటి చొప్పున 180 రోజులు, ప్రసవమైన పిదప మఱి 180 రోజులు ఇత్తురు. వెల లేదు. ఇంత హెచ్చు మోతాదేల యనగా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 యేండ్లలోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికిని, తెలంగాణమున 57.6 మందికిని రక్తహీనత యున్నట్లు తేలినది. ఉన్నదానిని నిలుపుకొనువారికి తగినది 27 మిల్లిగ్రాముల మాత్ర. లోటుతో ఆరంభించువారి కొఱకు ఏర్పరచినది ఎఱ్ఱమాత్ర. విదేశపుదాని అందచందములు చూచి యింటివద్దకు వచ్చినదానిని చులకన చేసితిమి. అదియే మా తప్పు.

ఒక్కొక్క పదార్థమును గూర్చి

ఫోలిక్ ఆమ్లము విషయమున ఋజువు గట్టిది. బిడ్డ వెన్నెముకకు ఆధారమగు నాడీనాళము గర్భము నిలిచిన మొదటి యిరువదియెనిమిది దినములలోనే మూసికొనును. అది సరిగ మూసికొనని బిడ్డను ముందొకసారి కన్న తల్లులకు దీనిని హెచ్చు మోతాదున ఇచ్చి చూడగా, ఆ దోషము మరల వచ్చుట నూటికి 72 పాళ్లు తగ్గినదని 1991లో ప్రకటింపబడిన బ్రిటిషువారి పరీక్షలో తేలినది. కావున నెల తప్పినదని తెలిసిన పిదప గాక, బిడ్డను కోరునప్పుడే డాక్టరునడిగి ఆరంభింపవలెను. ఇతర స్త్రీలకు రోజునకు 400 మైక్రోగ్రాములు చాలును.

బి12 వృక్షజాతి ఆహారములో లేదు. శాకాహారులకు పాలు, పెరుగు, మజ్జిగలే ఆధారము. అవి తగినంత లేనివారికిని, చక్కెరజబ్బునకు మెట్‌ఫార్మిన్ చిరకాలము వాడువారికిని లోటు కలుగవచ్చును. కాళ్లు తిమ్మిర్లు, మఱపు, నీరసము ముసలితనమునకు ముడిపెట్టి యూరకుండక పరీక్ష చేయింపవలెను. బి12 లోటు ఉన్నవారు హెచ్చు ఫోలిక్ ఆమ్లము మాత్రమే వేసికొన్నచో రక్తము బాగుపడినట్లు కనబడి, లోపల నరములు చెడును.

కాల్షియము రోజునకు 1000 మిల్లిగ్రాములు వలయును. బహువిటమిను మాత్రలో 200 ప్రాంతమే యుండును. ఏలన, మొత్తము పట్టించినచో మాత్ర మ్రింగుటకు వీలుకానంత పెద్దదగును. కాల్షియము ఇనుమును వంటబట్టనీయక అడ్డుపడును. రెండును డాక్టరు వ్రాసియిచ్చినచో వేఱువేఱు వేళల వేసికొనవలెను. కాఫీ, తేనీరులును ఇనుమునకు అట్టి యడ్డే.

ఎ విటమిను రెండు రూపముల నుండును. కూరలలోని బీటా కెరోటిను ఒకటి. సిద్ధముగానున్న రెటినాలు మఱియొకటి. రెటినాలు రోజునకు 3000 మైక్రోగ్రాములు మించినచో గర్భములోని శిశువునకు అంగవైకల్యము కలుగవచ్చును. గర్భిణులు రెండు మూడు సీసాలు కలిపి వాడకుండుటకు ఇదియొక కారణము. బీటా కెరోటిను మాత్రలు కూడ పొగత్రాగువారికి మేలు చేయకపోగా ఊపిరితిత్తుల క్యాన్సరును హెచ్చించినట్లు 1994లో ఫిన్లాండులోను, 1996లో అమెరికాలోను తేలినది.

జుట్టు కొఱకు వచ్చు సీసాలలో బయోటిను ఉండును. రోజునకు 30 మైక్రోగ్రాములు చాలుననగా కొన్నిటిలో 5000 ఉండును. అనగా నూటయఱువదిరెట్లకు మించి. అంత బయోటిను రక్తములోనున్నచో థైరాయిడు పరీక్షలును, గుండెపోటును కనిపెట్టు పరీక్షలును తప్పు ఫలితము చూపవచ్చునని అమెరికా ఔషధశాఖవారు 2017లో హెచ్చరించిరి. రక్తపరీక్షకు పోవునప్పుడు ఈ మాత్ర సంగతి చెప్పి తీరవలెను. అట్లే బి6 హెచ్చు మోతాదున చిరకాలము వాడిన నరములు చెడును. ఐరోపా ఆహారభద్రతా సంస్థవారు 2023లో దాని పైహద్దును రోజునకు 12 మిల్లిగ్రాములకు తగ్గించిరి. అమెరికా సీసాలలో 50, 100 మిల్లిగ్రాములున్నవియు కలవు.

నియమములు పాటించు గృహములకు

మా అత్తగారు మాంసము ముట్టనివారు. గొట్టపుమాత్రల పై తొడుగును, పెక్కు గమ్మీల మెత్తదనమును జెలటిను వలన వచ్చును. అది పశువుల చర్మమునుండియు ఎముకలనుండియు తీయుదురు. డి3 విటమినును సాధారణముగా గొఱ్ఱె ఉన్నికొవ్వునుండి చేయుదురు. కార్మైను అను ఎఱుపురంగు పురుగులనుండి వచ్చును. అమెరికాలో కొన్న సీసాపై మన ఆకుపచ్చ చుక్కగుర్తు ఉండదు గావున, చీటి చివర నుండు 'ఇతర పదార్థములు' అను పంక్తిని చదువవలెను. పెక్టిను, సెల్యులోజు అని యున్నచో అవి వృక్షసంబంధమైనవి. ఇచటి అంగళ్లలో చట్టప్రకారము దిగుమతియైన సీసాకు శాకాహార మాంసాహార గుర్తును, దిగుమతిదారుని పేరును గల చీటి యంటించియుండవలెను. గడువుతేదీ అంకెలలో నున్నచో, అమెరికావారు నెలను ముందు వ్రాయుదురని మఱువరాదు. 04/10 అనగా ఏప్రిలు పదవ తేదీ.

అందఱికిని వలయునా?

ఇది యసలు ప్రశ్న. అమెరికాలో 14,641 మంది పురుషవైద్యులు పదియేండ్లకు పైగా పాల్గొన్న పరీక్షలో కొందఱకు బహువిటమిను మాత్రయు, కొందఱకు ఉత్తిమాత్రయు ఇచ్చిరి. 2012లో ప్రకటించిన ఫలితము: క్యాన్సరులు నూటికి 8 పాళ్లు తగ్గినవి, గుండెజబ్బులు తగ్గలేదు. 2024లో ప్రకటించిన మఱియొక పరిశీలనలో 3,90,124 మంది ఆరోగ్యవంతుల లెక్కలు చూడగా, రోజును బహువిటమిను వేసికొన్నవారి ఆయుర్దాయము హెచ్చినట్లు కనబడలేదు. కాబట్టి చక్కగా భుజించు ఆరోగ్యవంతులకు ఇవి అమృతము కావు. లోటు ఉన్నవారికి ఆ లోటు తీర్చు వస్తువు విలువైనది. ఏ లోటో తెలిసికొనక ఇరువది పదార్థములు కలిపి మ్రింగుట, తాళమెట్టిదో చూడక తాళపుచెవుల గుత్తి కొన్నట్లుండును.

అమెరికాలో 1994నాటి చట్టము ప్రకారము ఈ మాత్రలను మందులవలె ముందుగా పరీక్షించి గుణము నిరూపింపవలెనను నియమము లేదు. విదేశపుదగుటయే మేలునకు గుర్తు కాదు. 'యు.ఎస్.పి.' ముద్ర యున్నచో చీటిలో చెప్పిన పదార్థములు చెప్పినంత యున్నవని ఒక స్వతంత్ర సంస్థ పరీక్షించినదని యర్థము. మీకు అది వలయునని యర్థము కాదు.

పిల్లలున్న యిండ్లకు ఒక హెచ్చరిక. ఇనుపమాత్రలు చిన్నపిల్లలకు ప్రాణాంతకమైన విషము. అమెరికాలో 1997నుండి ఇనుమున్న ప్రతి సీసాపై ఈ హెచ్చరిక వ్రాయవలెనని నిబంధన పెట్టిరి. మన ఎఱ్ఱమాత్రలకును ఇదే వర్తించును. గమ్మీలను పిప్పరమెంటులని పిల్లలకు చెప్పరాదు. సీసాలను అందని చోట, తాళము వేసి, పొయ్యి వేడియు తడియు తగులని యల్మారలో నుంచవలెను.

వంటయింటిని మఱువకుడు. రాగులు 100 గ్రాములలో 350 మిల్లిగ్రాముల ప్రాంతమున కాల్షియము కలదు. జామపండు 100 గ్రాములలో 200 మిల్లిగ్రాములకు పైగా సి విటమిను కలదు. సీసాలోని 60, 90 మిల్లిగ్రాములకది తీసిపోదు. పప్పులో నిమ్మరసము పిండుటయు, తోటకూర తిన్న పూట ఉసిరిక నంజుకొనుటయు ఇనుము వంటబట్టుటకు తోడ్పడును. మునగాకు, నువ్వులు, దంపుడుబియ్యము మన పెద్దలకు తెలిసినవే. కాని లోటు ముదిరిన పిదప ఆకుకూరలే చాలునని మాత్ర మానుటయు మూఢత్వమే. కూర కూరయే, మందు మందే.

మా ఆడపడుచు సంగతి చెప్పి ముగింతుము. డాక్టరమ్మగారు ఆమెకు ఎఱ్ఱమాత్రలు రోజునకు రెండు చొప్పున వ్రాసిరి. అది ఆమె స్థితిని చూచి వ్రాసిన మోతాదు. ఎవ్వరును తమంత తాము అట్లు చేయరాదు. వికారము తగ్గుటకు భోజనము చేసిన కొంతసేపటికిని, రాత్రి పండుకొనుటకు ముందును నిమ్మరసముతో ఇచ్చితిమి. మధ్యాహ్నపు కాఫీ మాన్పించితిమి. మలము నల్లనగుట సహజమని తెలిసి భయము వదలినది. నాలుగువారములకు హిమోగ్లోబిను 10 గ్రాములైనది, ప్రసవకాలమునకు 11.1. ఆడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు క్షేమము. పురిటిగదిలో ఆ పిల్ల మా చేయి పట్టుకొని, "వదినా, మందులబీరువా తాళము ఇంక నీయొద్దనే యుండనీ" అన్నది. మేము తప్పుచేసిన పిదపను మాయందు ఆమె నమ్మకము తగ్గలేదు. ఆ మాట తలచినప్పుడెల్ల మాకు కన్నులు చెమర్చును.

అమెరికానుండి మేనల్లుడు మొన్న మరల ఫోను చేసి, "అత్తయ్యా, ఈసారి ఏ సీసా తేవలె?" అని యడిగినాడు. "నాయనా, మీ అమ్మమ్మకు బి12 పరీక్ష చేయించినాము, కావలసినది ఇచటనే దొరకినది. నీవు వచ్చి నాలుగుదినములుండుము, అదియే చాలును" అని చెప్పితిమి.

సోదరీమణులారా! మన వైద్యగ్రంథములలో మొదటిదైన చరకసంహితలో మితాహారమును గూర్చిన అధ్యాయమునకు 'మాత్రాశితీయ'మని పేరు. మాత్ర యనగా పరిమాణము. మందుబిళ్లకు మన భాషలో ఆ పేరే వచ్చినది. నేడు మీ యింటనున్న సీసాలను క్రిందికి దింపి, వెలుతురున పెట్టి, ఎవరికి ఏది యెంత వలయునో చీటి చూచి వ్రాసికొనుడు. సందేహమున్నచో సీసాను చేతబట్టుకొనియే డాక్టరువద్దకు పోవుడు. ఇంట గర్భిణి యున్నచో ముందుగా ఇనుము అను పంక్తిని వెదకుడు. మేము ఆ పని పదివారములు ఆలస్యముగ చేసితిమి. మీరు ఈ పూటనే చేయుడు.